గండము రాకముందే లెక్క: గ్రామ పంచాయతీలలో ముప్పు నిర్వహణము

ముప్పు అనునది మన పల్లెలకు క్రొత్త మాట కాదు. వాన రాకపోయిన ముప్పు, అదను తప్పి వచ్చిన మరింత ముప్పు. చెరువు గట్టు, కరెంటు స్తంభము, నూతి వరలు, బడి పైకప్పు ఇవన్నియు ఏదో ఒకనాడు గ్రామమును భయపెట్టినవే. అయినను ముప్పును జమాఖర్చుల పద్దు వలె కాగితముపై వ్రాసి, సభలో చర్చించి, ఒక్కొక్క పద్దునకు ఒక్కొక్క బాధ్యుని నిర్ణయించు అలవాటు మన పంచాయతీలలో ఇంకను చాలినంతగా పాదుకొనలేదు. పెద్ద సంస్థలు ఈ పనిని కొన్ని దశాబ్దములుగా ఒక శాస్త్రము వలె సాగించుచున్నవి. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ప్రకారము కంపెనీల డైరెక్టర్లు సాధారణముగా తమ వార్షిక నివేదికలో ముప్పు నిర్వహణ విధానమును గూర్చి చెప్పవలసి యున్నది. స్టాకు మార్కెట్టులో నమోదైన మొదటి వేయి కంపెనీలు ఇందుకై ప్రత్యేక సంఘమును నియమించుకొనవలెనని సెబీ 2021లో విధించినది.

పంచాయతీ కంపెనీ కాదు, నిజమే. కాని దానికిని ఆస్తి ఉన్నది, ధనమున్నది, ఉద్యోగులున్నారు, యంత్రములున్నవి. కంపెనీ నష్టపోయిన వాటాదారులు నష్టపోవుదురు. పంచాయతీ ఏమరిన త్రాగునీటి కుళాయి వద్ద నిలిచిన బిడ్డ నష్టపోవును. కావున ఈ శాస్త్రములో మనకు పనికివచ్చు భాగమెంత, పనికిరాని ఆర్భాటమెంత అన్నది సభ్యులు తెలిసికొనుట అవసరమని తలచి ఈ వ్యాసమును వారి ముందుంచుచున్నాము.

ముప్పు అననేమి?

జెనీవా నగరమున గల అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 2009లో ముప్పు నిర్వహణమునకు 31000 సంఖ్య గల మార్గదర్శకములను వెలువరించి, 2018లో సవరించినది. అందలి నిర్వచనము చిన్నది. మన లక్ష్యములపై అనిశ్చితికి గల ప్రభావమే ముప్పు. వినుటకు పొడిగా ఉన్నను ఇందులో గొప్ప మెలకువ ఒకటి ఉన్నది. ముప్పులను వ్రాయ మొదలిడినవారు సాధారణముగా తుపాను, అగ్ని, కలరా, దొంగతనము అని వరుసగా పేర్లు చెప్పుకొని పోవుదురు. అట్టి పట్టికకు అంతుండదు, దానివలన ఫలితమును అంతంత మాత్రమే. మొదట వ్రాయవలసినది ముప్పు కాదు, లక్ష్యము. గ్రామములో ఏది ఆగరాదు? త్రాగునీరు ఆగరాదు. రాత్రివేళ ప్రసవమునకు పోవు దారి మూసికొనిపోరాదు. పంచాయతీ ధనము దారి తప్పరాదు. ఈ విధముగా నాలుగైదు లక్ష్యములను నిశ్చయించుకొని, ఒక్కొక్కదానిని ఏది ఆపగలదు అని ప్రశ్నించుకొన్నచో పట్టిక తనంతట తానే కుదురుకొనును.

త్రాగునీటినే తీసికొందము. ఓవరుహెడ్ ట్యాంకు నిండవలెనన్న మోటారు నడువవలెను, మోటారు నడువవలెనన్న కరెంటు ఉండవలెను, స్టార్టరు చెడరాదు, పంపు ఆపరేటరు జ్వరపడరాదు. నీరు శుభ్రముగా ఉండవలెనన్న బ్లీచింగు పొడి నిలువ ఉండవలెను, గొట్టము మురుగుకాలువలో పగులరాదు. చివరి కుళాయి వద్ద నీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో చూడవలెను. ఇన్ని కొక్కెములలో ఏ ఒక్కటి ఊడినను నీరు ఆగును, లేదా విషమగును. వీనిలో తుపాను పేరు ఎక్కడను లేదు. గ్రామమును ఎక్కువసార్లు బాధించునవి ఇట్టి చిన్న కొక్కెములే.

దివిసీమ చెప్పిన పాఠము

అట్లని పెద్ద గండములను మరువరాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను కన్నులార చూచినవారు నేడును మన మధ్య ఉన్నారు. సుమారు అయిదారు మీటర్ల ఎత్తున సముద్రము లేచి పల్లెలపై నడచిపోయినది. సుమారు పదివేలమంది మరణించిరని లెక్కలు చెప్పుచున్నవి. అంతకన్న హెచ్చని చెప్పువారును కలరు. ఆనాడు హెచ్చరికలు అసలే లేవని కాదు. అవి చివరి గుడిసె దాకా చేరలేదు. చేరినచోట ఎక్కడికి పోవలెనో చెప్పువారు లేరు, పోయి నిలుచుటకు గట్టి కట్టడము లేదు.

పండ్రెండేండ్లు దాటి, 1990 మే 9న మచిలీపట్నము సమీపముననే మరియొక ప్రచండమైన తుపాను తీరము దాటినది. గాలి వేగమున అది 1977 నాటి దానితో పోల్చదగినదే. కాని మరణించినవారు వేయికి లోపు. వేయి ప్రాణములు తక్కువ కావు. అయినను పదివేలకును వేయికిని నడుమ గల తేడా సముద్రుని దయవలన వచ్చినది కాదు. ఈలోగా తీరము వెంబడి తుపాను రక్షణ కట్టడములు లేచినవి. ఉపగ్రహము ద్వారా తీరగ్రామములకు హెచ్చరిక చేర్చు పరికరములు వచ్చినవి. అన్నింటికి మించి, లక్షలాది జనమును ముందుగనే తరలించిరి. ఎవరు ఎవరిని పిలువవలెను, ఏ లారీ ఏ ఊరికి పోవలెను, ఎవరు వండవలెను అన్నది గాలి వీచకముందే నిర్ణయమైనది. ముప్పు నిర్వహణమన్నది ఇదే. గాలిని ఆపుట మన చేతిలో లేదు, గాలికిని మనిషికిని నడుమ ఏమి నిలుపవలెనన్నది మన చేతిలో ఉన్నది.

2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము ఈ బాధ్యతలో స్థానిక సంస్థలకును వాటా ఇచ్చినది. తమ ఉద్యోగులకు శిక్షణ ఉండునట్లు, సామగ్రి ఎప్పుడు కావలసిన అప్పుడు పనికివచ్చునట్లు చూచుకొనుట స్థానిక సంస్థల విధులలో ఒకటి. పై అధికారులు వచ్చి చేసిపెట్టుదురని ఎదురుచూచుటకు చట్టములో చోటు లేదన్నమాట.

అంకె పలికినంతనే పని

ముప్పు వచ్చునాడు చర్చకు వ్యవధి ఉండదు. అందుచే చర్చను ముందే ముగించి, దాని ఫలితమును ఒక అంకెకు కట్టివేయుట నేటి సంస్థల పద్ధతి. దీనికి మన భద్రాచలమును మించిన ఉదాహరణము లేదు. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగష్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. ఈ మూడంకెలు గోదావరి తీరమున పిల్లవాండ్రకు సైతము కంఠోపాఠము.

కాని హెచ్చరిక వేరు, దానికి కట్టిన పని వేరు. 43 అడుగులనగానే మన పంచాయతీ ఏమి చేయును? నడువలేని వృద్ధులు, నిండు గర్భిణులు, మంచము పట్టినవారు ఎవరెవరో వ్రాసిన జాబితాను వార్డు సభ్యులు చేతపట్టుకొనవలెను. 48 అనగానే ఆ జాబితాలోనివారు, పశువులు మెరకకు చేరవలెను, బడిలో పొయ్యి వెలుగవలెను. 53 అన్నప్పుడు ఊరిలో ఎవరును మిగులరాదు. ఈ పనులను జూన్ నెలలో తీర్మానించినచో జూలైలో వాదము ఉండదు. ‘ఇంకొక గంట చూతము’ అను మాటయే వరదలో పెద్ద శత్రువు. నది లేని గ్రామమునకును ఇట్టి అంకెలు దొరకును. చెరువు తూముపై గీచిన ఎర్రగీత ఒక అంకె. బ్లీచింగు పొడి ఎన్ని సంచులకు తగ్గిన క్రొత్తది తెప్పించవలెనో అది ఒక అంకె.

ముప్పులను తూచుటకు సంస్థలు రెండు కొలతలు వాడుచున్నవి. జరుగు అవకాశమెంత, జరిగిన నష్టమెంత అను రెంటికి ఒకటి నుండి అయిదు వరకు మార్కులు వేసి హెచ్చవేయుదురు. ఇరువదియైదుకు దగ్గరగా వచ్చినవి ఎర్రరంగు గళ్ళలోను, తక్కువవి పచ్చరంగు గళ్ళలోను చేరును. చూచుటకు ముద్దుగా ఉండు ఈ పటమును మేము పూర్తిగా నమ్మదగినదిగా భావించుట లేదు. తరతరమునకు ఒకమారు వచ్చు ఉప్పెనకు అవకాశము ఒకటి, నష్టము అయిదు, హెచ్చవేసిన అయిదే. వారమునకొకమారు కాలిపోవు వీధిదీపమునకు అవకాశము అయిదు, నష్టము ఒకటి, అదియు అయిదే. రెండును ఒకే గడిలో కూర్చుండునన్న లెక్కను ఏ రైతు అయినను నవ్వును. కావున ప్రాణనష్టమునకు సంబంధించిన దానిని, అవకాశము ఎంత తక్కువైనను, ప్రత్యేకముగా వ్రాసికొనుట మేలు.

ఒకే చేతిలో రెండు తాళములు

ధనమునకు వచ్చు ముప్పు ఉప్పెన వలె శబ్దము చేయదు. లండనులో 1762లో స్థాపింపబడిన బేరింగ్సు అను బ్యాంకు రెండు శతాబ్దములకు పైగా నిలిచి, 1995 ఫిబ్రవరిలో కూలిపోయినది. దాని సింగపూరు శాఖలో నిక్ లీసన్ అను ఉద్యోగి మార్కెట్టులో బేరములు చేయువాడు. ఆ బేరముల లెక్కలు సరిచూచు విభాగమునకును అతడే పెద్ద. నష్టములను ఒక రహస్య ఖాతాలో దాచుచు పోయెను. జనవరిలో జపానులో కోబె భూకంపము వచ్చి మార్కెట్టు పడిపోవుటతో గుట్టు నిలువలేదు. నష్టము 82 కోట్ల పౌండ్లకు మించెను. చివరకు ఆ బ్యాంకును ఒక డచ్చి సంస్థ ఒక్క పౌనుకు కొనెను. ఇందు మనము ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి ఉన్నది. ఈ రెండు పనులు ఒకే మనిషి చేతిలో ఉండరాదని ఆ బ్యాంకు సొంత ఆడిటర్లు అంతకు ముందటి సంవత్సరమే వ్రాసిరి. కాగితము వచ్చినది, చదివిరి, పని మాత్రము జరుగలేదు.

సింగపూరు కథ మనకెందుకని సభ్యులు అనుకొనరాదు. నేడు కేంద్ర నిధుల చెల్లింపులు ఇ-గ్రామస్వరాజ్ ద్వారా సాగుచున్నవి. బిల్లును ఒకరు తయారుచేయవలెను, మరియొకరు పరిశీలించి ఆమోదించవలెను. ఇరువురికిని వేరువేరు డిజిటల్ సంతకములు, వేరువేరు రహస్య సంఖ్యలు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టము సర్పంచికిని ఉపసర్పంచికిని ఉమ్మడి చెక్కు అధికారమిచ్చుటలోని ఉద్దేశమును ఇదే: ఒక కన్ను మూసికొన్నను మరియొక కన్ను తెరచియుండవలెను. కాని ఈ రెండు సంతకపు పరికరములను, రహస్య సంఖ్యలు వ్రాసిన చీటీతో సహా, కంప్యూటరు ఆపరేటరు సొరుగులో పెట్టి ‘నీవే చూచుకో నాయనా’ అన్నచో చట్టము కట్టిన గోడను మన చేతులతో మనమే కూల్చినట్లగును. ఆపరేటరు సత్యసంధుడే కావచ్చును. అతని సొరుగు తాళము సత్యసంధమైనది కాకపోవచ్చును. నిధులకు సంబంధించిన రహస్య సంఖ్యను ఫోనులో ఎవరడిగినను, జిల్లా కార్యాలయము పేరు చెప్పినను, చెప్పరాదు. మోసము జరిగినట్లు తెలిసినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందు గడచు ప్రతి నిమిషమును విలువైనదే.

క్రొత్తగా వచ్చుచున్న ముప్పులు

2024 జూలై 19న ఒక అమెరికా కంపెనీ తన రక్షణ సాఫ్టువేరులో పంపిన చిన్న సవరణ తప్పుగా ఉండి, ప్రపంచమంతట సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కమారుగా నిలిచిపోయినవి. విమానములు ఆగినవి, ఆస్పత్రులు ఇబ్బంది పడినవి. శత్రువు ఎవరును లేడు. రక్షించుటకు పెట్టుకొన్నదే దెబ్బతీసినది. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. కలము, కాగితము ఎరిగిన ఉద్యోగులు ఉండబట్టి విమానము ఎగిరినది. పన్నుల డిమాండు, జనన మరణముల వివరములు, మంచినీటి కుళాయిల జాబితా అన్నియు నేడు కంప్యూటరులోనే ఉన్నవి. అది వారము దినములు పలుకనిచో మన పంచాయతీ పని నడుచునా? ఏటికి రెండుమార్లయినను ముఖ్యమైన పట్టికలను అచ్చువేసి బీరువాలో భద్రపరచుట పాతకాలపు చాదస్తము కాదు.

రెండవది, పొరుగువాని ముప్పు. 2020 మే 7న వేకువజామున విశాఖపట్నము సమీపమున ఆర్.ఆర్. వెంకటాపురము ప్రక్కనున్న ఎల్.జి. పాలిమర్సు కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలో నున్న జనమును కమ్మివేసినది. పన్నెండుమంది మరణించిరి, వందలాదిమంది ఆస్పత్రుల పాలైరి. కరోనా లాక్‌డౌను వలన కర్మాగారము కొన్ని వారములు మూతపడియుండగా రసాయనము ట్యాంకులో నిలువయుండెను. ఒక విపత్తు నుండి కాచుకొనుటకు తీసికొన్న చర్య మరియొక విపత్తునకు దారి చూపుట నేటి క్రొత్త సమస్యలలో ముఖ్యమైనది. ప్రమాద సమయమున సైరను మ్రోగలేదని రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము ఎత్తిచూపినది.

ఈ విషయమున పంచాయతీకి ఒక హక్కు ఉన్నదని చాలమందికి తెలియదు. ప్రమాదకర రసాయనములను గూర్చిన 1989 నాటి నియమముల ప్రకారము, నిర్ణీత పరిమాణమునకు మించి వానిని నిలువచేయు కర్మాగారపు యజమాని, ప్రమాదము జరిగిన దెబ్బతినగల చుట్టుపట్ల ప్రజలకు దాని స్వభావమును, అప్పుడు చేయవలసిన దానిని, చేయరాని దానిని తెలియజేయవలెను. 1996 నాటి నియమములు జిల్లా స్థాయిలోను, స్థానికముగను సంక్షోభ నివారణ సంఘములను ఏర్పరచినవి. సమీపమున అట్టి కర్మాగారము, అమ్మోనియా వాడు శీతలగిడ్డంగి, గ్యాసు గొట్టము ఉన్న పంచాయతీ లిఖితపూర్వకముగా మూడు ప్రశ్నలు అడుగవలెను. అక్కడ ఏమి నిలువయున్నది? సైరను మ్రోగిన మేము ఏ దిక్కుకు పోవలెను? సైరనును చివరిసారి ఎన్నడు పరీక్షించితిరి? సమాధానము రాకపోవుటయు ఒక సమాధానమే. దానిని కలెక్టరునకు పంపవలెను.

ఎండను గూర్చి ఒక్కమాట. ఎండ మనకు అలవాటే గనుక దానిని ముప్పుగా వ్రాయుటకు మనసొప్పదు. కాని 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బ వలన మరణించినవారు వేయికి మించిరి. తాతల నాటి అనుభవము ఇక చాలదు, ఋతువులు మారుచున్నవి. పనివేళలు, చలివేంద్రములు, ఒంటరి వృద్ధుల ఇంటికి మధ్యాహ్నము ఒక మనిషి పోయి చూచివచ్చుట, ఇవి ఖర్చు లేని పనులు.

తప్పిపోయిన ప్రమాదములు

అనుభవము గల సంస్థలు జరిగిన ప్రమాదములనే గాక, వెంట్రుకవాసిలో తప్పిపోయిన వానిని గూడ వ్రాసికొనుచున్నవి. మనవారు ‘గండము గడచినది’ అని దేవునికి టెంకాయ కొట్టి మరచిపోవుదురు. టెంకాయ కొట్టుటలో తప్పు లేదు, వ్రాసికొనిన తరువాత కొట్టవచ్చును. బోరు మోటారు పెట్టెను ముట్టుకొన్న గేదెకు షాకు తగిలినదన్న, రేపు దానిని ముట్టుకొనునది మనిషి. ఎండిన బోరుబావి మూతి వద్ద పిల్లవాడు ఆడుచుండగా ఎవరో చూచి తీసికొనివచ్చిరన్న, ఆ బావి ఇంకను తెరచియే ఉన్నదని అర్థము. వాడుకలో లేని బోరుబావులను మట్టితోను రాళ్ళతోను అడుగు నుండి నేలమట్టము వరకు పూడ్చవలెనని సుప్రీము కోర్టు 2010లోనే ఆదేశించినది. మన సరిహద్దులలో అట్టివి ఎన్ని ఉన్నవో ఒక్క ఉదయము తిరిగి లెక్కించవచ్చును.

పని ఎట్లు మొదలిడవలెను?

ఇందుకు పెద్ద గ్రంథము అక్కరలేదు. నూరు పుటల ప్రణాళికను వ్రాయించి బీరువాలో పెట్టిన పంచాయతీ కన్న, ఒక్క కాగితమును గోడకు అంటించిన పంచాయతీ మేలు. ఆ కాగితముపై పది పద్దులకు మించరాదు. ప్రతి పద్దులోను ఆగరాని పని ఏది, దానిని ఆపగలది ఏది, ఏ గుర్తు కనిపించిన కదలవలెను, కదలవలసిన మనిషి ఎవరు, ఆ మనిషి ఊరిలో లేనిచో ఎవరు అన్నవి ఉండవలెను. ‘పంచాయతీ చూచుకొనును’ అని వ్రాయరాదు. మనిషి పేరు వ్రాయవలెను, ఫోను నంబరు వ్రాయవలెను. అందరి బాధ్యత అనినది ఎవరి బాధ్యతయు కాదని బేరింగ్సు కథ చెప్పక చెప్పుచున్నది. పద్దులను వ్రాయునప్పుడు పంపు ఆపరేటరును, లైనుమనును, ఆశా కార్యకర్తను, పడవ నడుపువారిని, చాకిరేవు దారి ఎరిగిన ఆడవారిని పిలిచి అడుగవలెను. ట్యాంకు మెట్లలో ఏది పుచ్చినదో సర్పంచి కన్న ఎక్కువారికే తెలియును. తప్పు చూపినవానిపై కోపగించినచో మరుసటి తప్పును ఎవరును చూపరు.

వానలకు ముందు మే నెలాఖరున ఒకమారు, తుపానుల కాలమునకు ముందు సెప్టెంబరులో ఒకమారు, ఎండలకు ముందు ఫిబ్రవరిలో ఒకమారు ఈ కాగితమును సమావేశపు అజెండాలో మొదటి అంశముగా పెట్టి చదువవలెను. చదువునప్పుడు అందలి నంబర్లకు అక్కడికక్కడే ఫోను చేసి చూడవలెను. రెండు మూడు నంబర్లు పలుకవు; ఒకరు ఊరు విడిచి పోయియుందురు, ఒకరు నంబరు మార్చియుందురు. ఆ పేర్లను కొట్టివేసి, క్రొత్త పేర్లు వ్రాసి, తేదీ వేసి, కార్యదర్శి సంతకము చేయించి, మరల గోడకు అంటించవలెను.